సివిల్ తర్వాత ఎన్విరాన్‌మెంటల్ ఎంటెక్: దండగేనా?

కూకట్‌పల్లి_పిల్ల: బీటెక్ సివిల్ అయిపోయింది. గేట్‌లో 2021 నుంచి ఉన్న ఈఎస్ (ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్) పేపర్ రాశా, స్కోరు పర్లేదు. ఎంటెక్ చేరనా? ఇంట్లో "మురుగునీళ్ళ చదువు" అని ఒకటే నవ్వు. నాన్నేమో అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్చుకోమంటున్నారు.

బ్లోయర్_భయ్యా: వద్దు చెల్లీ. నేను చేసినోణ్ణే. నెలకు 12,400 స్టైపెండ్ రెండేండ్లు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ల ఎస్టీపీ, అంటే మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు, చూసుకునే కొలువు. నీళ్ళల్ల మురికిని తినేటందుకు సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ పడ్తదో చూసే ఐదు రోజుల బీఓడీ టెస్టు పెట్టుడు తప్ప ఏం నేర్పిండ్రు?

ల్యాబ్_అక్క: ఐదు రోజులా? మన దగ్గర మూడు రోజులు, 27 డిగ్రీలు. ఐదు రోజులు, 20 డిగ్రీలు చలిదేశాల పద్ధతి.

బ్లోయర్_భయ్యా: పుస్తకంల ఐదే ఉంటది అక్కా.

ల్యాబ్_అక్క: వేడికి సూక్ష్మజీవులు తొందరగా తింటాయి కాబట్టి మూడు చాలు. చెరువులోకో వాగులోకో వదిలే నీళ్ళకు పెట్టిన సాధారణ హద్దు కూడా ఆ లెక్క మీదే. ఇది తెలీకుండా చదువే దండగంటే ఎలా?

మూసీ_ఒడ్డు: ఆ పిల్ల సీటు గురించి అడిగింది, ఇంక్యుబేటర్ గురించి కాదు.

బ్లోయర్_భయ్యా: అన్నీ తెలుసక్కా. లీటరు సిలిండర్‌ల అరగంట ఉంచి బురద ఎంత దిగిందో చూసుడూ తెలుసు. కరెంటు బిల్లు అయితదని రాత్రి 10 దాటంగనే ట్యాంకులకు గాలి కొట్టే బ్లోయర్ బందు పెట్టమన్నరు. గాలి లేక తెల్లారేసరికి బురద నల్లగయితది, కుళ్ళిన గుడ్ల వాసన. లాగ్‌బుక్కుల మాత్రం 24 గంటలు నడిచినట్టు రాయాలె. శాంపిల్‌ల బోరునీళ్ళు కలిపిండ్రు. మీ మూడు రోజుల టెస్టు మస్తుగ పాసయింది. కింద సంతకం నాది.

ల్యాబ్_అక్క: ఎందుకు పెట్టావు?

బ్లోయర్_భయ్యా: ఇంటి కిరాయి మీరు కడ్తరా?

మూసీ_ఒడ్డు: అయ్యో, మొదలైంది.

ల్యాబ్_అక్క: పెట్టనన్నందుకే నేనొక చోట మానేయాల్సి వచ్చింది. ఏడు నెలలు ఖాళీగా కూర్చున్నా. నా మంట దానికి. బీఓడీకి కాదు.

బ్లోయర్_భయ్యా: గట్లయితే వద్దని చెల్లెకు మీరే చెప్పాలె గదా.

ల్యాబ్_అక్క: చెప్పను. నల్ల బురద చూసి ఎందుకైందో తెలిసినవాడు సంతకం పెట్టనని పోతే, ఏమీ తెలీనివాడితో అదే పని చేయిస్తారు. అప్పుడు రాత్రంతా బ్లోయర్ ఆగిందని ఇక్కడ రాసేవాడు కూడా ఉండడు.

కూకట్‌పల్లి_పిల్ల: అన్నా, ఇంకా అక్కడే చేస్తున్నారా?

బ్లోయర్_భయ్యా: అవును. పదయింది, కిందికి పోవాలె.