ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు: వరంగల్‌లో ఉండి ఏ టాపిక్ తీసుకుంటే టైమ్‌కి పూర్తవుతుంది?

హన్మకొండ_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. బయోటెక్, మైక్రోబయాలజీ కలిపి మేం నలుగురం, మూడో సెమిస్టర్‌లో ఉన్నాం. డిసెంబర్‌లోగా టాపిక్ ఇవ్వాలి. జనవరి నుంచి మే దాకా పని, ఆ తర్వాత వైవా. డిపార్ట్‌మెంట్‌లో ఆటోక్లేవ్, ఇంక్యుబేటర్, లామినార్ ఫ్లో, పీసీఆర్ మెషిన్, జెల్ సెటప్ ఉన్నాయి. సెల్ కల్చర్ లేదు, యానిమల్ హౌస్ లేదు. ఒక్కొక్కరం 20 వేలకు మించి పెట్టలేం.

మా ముందున్నవి మూడు. తంగేడు ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌తో యాంటీబాక్టీరియల్, యాంటీక్యాన్సర్ పని. ఆసుపత్రి ఐసోలేట్లలో (పేషెంట్ల శాంపిళ్ల నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాలో) యాంటీబయాటిక్ రెసిస్టెన్స్. కంప్యూటర్ మీద డాకింగ్ (మందు అణువు ప్రోటీన్‌కు ఎలా అతుక్కుంటుందో లెక్కకట్టడం). తర్వాత పీహెచ్‌డీకి పోవాలని ఉంది. ఏది తీసుకోమంటారు? హైదరాబాద్ పోయి చేస్తే మేలా?

సూక్ష్మజీవి

రెండోది తీసుకోండి. అయితే ఈ వారమే గైడ్‌తో అనుమతుల సంగతి కదపండి. ఈ టాపిక్‌లో బెంచ్ పనికి ఎక్కువ రోజులు పట్టవు, సంతకాల దగ్గరే ఆగిపోతది. ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఐసోలేట్లు కావాలంటే కాకతీయ మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగం నుంచి ఒకరు కో-గైడ్‌గా ఉండాలె. వాళ్ల ద్వారానే ఎథిక్స్ కమిటీకి ఫైలు పోతది. పరీక్షలు అయిపోయినంక మిగిలిన శాంపిళ్లు, పేషెంట్ పేరు లేకుండా కోడ్ నంబరుతోనే తీసుకుంటే, కన్సెంట్ మినహాయింపు అడగొచ్చు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలల్ల ఆ వెసులుబాటు ఉంది. కానీ మినహాయింపు ఇచ్చేది కమిటీ, మనంతట మనం అనుకుంటే చెల్లదు. కమిటీ రోజూ కూర్చోదు, ఒక మీటింగ్ తప్పితే మళ్లీ మీటింగ్ దాకా ఆగాలె. సినాప్సిస్ డిసెంబర్ దాకా ఆపకండి.

టాపిక్‌ను ఇరుకు చేయండి. "వరంగల్‌లో డ్రగ్ రెసిస్టెన్స్" అని పెడితే వైవాలో నిలబడదు. మూత్రం శాంపిళ్ల నుంచి వచ్చిన ఈ.కోలైలో ఈఎస్‌బీఎల్ (సెఫలోస్పోరిన్ల లాంటి యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైమ్) ఎంత, అందులో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే సీటీఎక్స్-ఎం జీన్ ఎంత అనేది చాలు. ఒక పేషెంట్ నుంచి మొదటి ఐసోలేట్ ఒక్కటే లెక్కలోకి రావాలె. ఐసీయూలో పది రోజులున్న మనిషివి నాలుగు కల్చర్లు నాలుగు ఐసోలేట్లుగా రాస్తే రెసిస్టెన్స్ శాతం ఉత్తుత్తిగ పెరుగుతది.

డిస్క్ పద్ధతిలో తప్పులన్నీ చిన్నచిన్న చోట్లనే జరుగుతయి. ముల్లర్ హింటన్ అగర్ మందం 4 మి.మీ. ఉండాలె, 90 మి.మీ. ప్లేటుకు సుమారు 25 మి.లీ. మందం ఎక్కువైతే జోన్ (మందు డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం) చిన్నగ వస్తది, సెన్సిటివ్‌ది రెసిస్టెంట్‌గ కనబడతది. కల్చర్ మడ్డిని 0.5 మెక్‌ఫర్లాండ్ ప్రమాణానికి సరిచేసి 15 నిమిషాల లోపల స్వాబ్ చేయాలె. డిస్కుల డబ్బాను ఫ్రిజ్ నుంచి తీసి గది వేడికి వచ్చినంకనే మూత తీయండి. చల్లగ ఉన్నప్పుడు తీస్తే తేమ పట్టి మందు బలం తగ్గుతది, క్లావులానేట్ ఉన్న డిస్కులు ముందుగ పోతయి. ఈఎస్‌బీఎల్ చూడటానికి డిస్కులు జతలుగ పెట్టాలె: సెఫ్టాజిడిమ్ 30 మైక్రోగ్రాములది ఒకటి, దాన్నే క్లావులానిక్ ఆసిడ్ 10 మైక్రోగ్రాములతో కలిపింది ఒకటి, అట్లనే సెఫోటాక్సిమ్ జత ఇంకొకటి. ఏ జతలోనైనా క్లావులానిక్ ఆసిడ్ ఉన్న డిస్కు జోన్ 5 మి.మీ., అంతకంటే ఎక్కువ పెద్దగ ఉంటే ఈఎస్‌బీఎల్. ప్రతి బ్యాచ్‌లో ప్రామాణిక స్ట్రెయిన్లు రెండు, ఏటీసీసీ 25922 ఈ.కోలై నెగెటివ్ కంట్రోల్‌గా, ఏటీసీసీ 700603 క్లెబ్సియెల్లా పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టాలె. ఈ రెండు లేకుంటే వంద ప్లేట్లు చేసినా ఆ అంకెలను ఎవరూ నమ్మరు. ఇంకొక చిక్కు: యాంటీబయాటిక్‌ను విరగ్గొట్టే ఇంకో ఎంజైమ్ ఏఎంపీ-సీ కూడా ఉన్న ఐసోలేట్లలో ఈఎస్‌బీఎల్ మరుగునపడి నెగెటివ్‌గ రావొచ్చు. దీన్ని థీసిస్‌లో పరిమితిగా రాయండి.

ల్యాబ్_కోటు

తంగేడు గురించి నేను చెప్తాను. యాంటీక్యాన్సర్ భాగాన్ని వదిలేయండి. మీ దగ్గర సెల్ కల్చర్ లేదు, బయట డబ్బిచ్చి చేయిస్తే వాళ్లు పంపే గ్రాఫ్‌ను వైవాలో మీరు సమర్థించుకోలేరు. ఎంటీటీలో (బతికున్న సెల్స్ ఎన్నో రంగు మార్పుతో కొలిచే పరీక్ష) ఒక మోసం ఉంది. మొక్కల్లోని పాలీఫినాల్స్ సెల్స్ లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మారుస్తాయి. సెల్స్ చచ్చిపోయినా రీడింగ్ బతికున్నట్టే వస్తుంది. సెల్స్ లేకుండా మీడియం, ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ మాత్రమే ఉన్న బావులు పెట్టారా అని చేసేవాళ్లను అడగండి. పెట్టకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఎక్స్‌ట్రాక్ట్‌ను కరిగించే డీఎంఎస్ఓ కూడా 0.5 శాతం దాటకూడదు, అంతే డీఎంఎస్ఓతో విడిగా కంట్రోల్ ఉండాలి.

యాంటీబాక్టీరియల్ మాత్రమే చేస్తానంటే వెల్ డిఫ్యూజన్‌తో ఆపొద్దు. క్రూడ్ ఎక్స్‌ట్రాక్ట్ అగర్‌లో సరిగ్గా పాకదు, కాబట్టి జోన్ సైజును బట్టి ఏ ఎక్స్‌ట్రాక్ట్ బలమైనదో చెప్పలేం. 96 బావుల ప్లేటులో బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేసి ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మోతాదు) చూడండి, బ్యాక్టీరియా తుది సాంద్రత మి.లీ.కు 5 లక్షల సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) ఉండేలా. ఎక్స్‌ట్రాక్ట్ ముదురు రంగులో ఉంటే బ్రాత్ మడ్డిబారిందో లేదో కంటికి తెలియదు, అందుకే బ్యాక్టీరియా బతికుంటే రంగు మారే రెసాజురిన్ వాడతారు. కాకతీయ యూనివర్సిటీ బోటనీ వాళ్లతో మొక్కను గుర్తింపు చేయించి వోచర్ నంబర్ (దాచిపెట్టిన మొక్క నమూనా నంబర్) తీసుకోవడం మర్చిపోవద్దు.

నా మాట అడిగితే ఆకు ఎక్స్‌ట్రాక్ట్ థీసిస్‌లు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో దానితో ముందుకు పోవడం కష్టం.

హైదరాబాద్ సంగతి: అక్కడి పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఎన్ఐఎన్ మంచివే, కానీ పోటీ ఎక్కువ, చాలా ముందే రాయాలి. కాజీపేట నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తూ సెల్ కల్చర్ చేద్దామనుకోవద్దు. సెల్స్‌ను రెండు మూడు రోజులకోసారి స్ప్లిట్ చేయాలి (విడదీసి కొత్త పాత్రల్లోకి మార్చాలి), వాటికి ఆదివారం ఉండదు. అక్కడే ఉండగలిగితేనే వెళ్లండి.

డేటా_పక్షం

డాకింగ్ ఒక్కటే థీసిస్‌గా పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఏ అణువును పెట్టినా ఏదో ఒక స్కోర్ వస్తుంది. చేసే పక్షంలో ముందు క్రిస్టల్ స్ట్రక్చర్‌లో ఉన్న లిగాండ్‌ను బయటికి తీసి మళ్లీ డాక్ చేయండి. అసలు స్థానానికీ, డాకింగ్ చూపిన స్థానానికీ మధ్య తేడా (ఆర్ఎంఎస్‌డీ) 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపల రాకపోతే మీ గ్రిడ్ బాక్సో, ప్రోటీన్ తయారీయో తప్పు. -7.4, -7.8 స్కోర్ల మధ్య తేడా చూపించి "ఇది మెరుగైన మందు" అని రాయడం తప్పు, ఆ పద్ధతికి అంత ఖచ్చితత్వం లేదు.

కంప్యూటర్ పనే కావాలంటే అందరికీ అందుబాటులో ఉండే జియో డేటాబేస్‌లోని ఆర్ఎన్ఏ-సీక్వెన్సింగ్ డేటా తీసుకోండి. జీన్ల హెచ్చుతగ్గులు పోల్చే డీఈసీక్2 సాఫ్ట్‌వేర్‌కు రా కౌంట్లే (సవరించని లెక్కలే) ఇవ్వాలి. ముందే సవరించిన ఎఫ్‌పీకేఎం అంకెలను పూర్ణాంకాలుగా మార్చి ఇస్తే టూల్ నడవవచ్చు, ఫలితం మాత్రం తప్పుగా వస్తుంది. ఒక డేటాసెట్‌లో దొరికిన జీన్లను ఇంకో స్వతంత్ర డేటాసెట్‌లో సరిచూడండి. పీ-విలువ కాదు, సవరించిన పీ-విలువ రాయండి.

రెసిస్టెన్స్ టాపిక్ అయితే శాంపిల్ సైజు ముందే లెక్కకట్టండి. రెసిస్టెన్స్ 50 శాతం ఉంటుందనుకుని, 95 శాతం విశ్వాసంతో 10 శాతం అటూఇటూ చాలనుకుంటే 96 ఐసోలేట్లు కావాలి. 5 శాతమే అంటే 384. మీ బడ్జెట్‌కు మొదటిదే సరిపోతుంది, ఆ సంగతి దాచకుండా రాయండి. "దొరికినన్ని తీసుకున్నాం" అని మాత్రం రాయొద్దు.

హన్మకొండ_ఎమ్మెస్సీ

చాలా థాంక్స్. మాలో ఒకరిది ములుగు వైపు. ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) మీద చేయాలని ఉందంటున్నారు. ఐదు నెలల్లో అవుతుందా?

బ్లడ్_బెంచ్

మంచి ఆలోచన. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని పెట్టుకుంది, ఈ ప్రాంతానికి అవసరం కూడా. కానీ గూడేనికి పోయి విద్యార్థులు రక్తం తీయడం వద్దు. అర్హత ఉన్నవాళ్లే తీయాలి, కన్సెంట్ ఫారం తెలుగులో రాసి కోయ, గోండీ మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పించాలి. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ రిపోర్టు, కౌన్సెలింగ్ అందాలి. ఐదు నెలల్లో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అది మోయలేరు. శాంపిల్ తీసుకుని ఫలితం చెప్పకుండా వచ్చేయడం ఆ మనుషులకు అన్యాయం.

బదులుగా, ఇప్పటికే స్క్రీనింగ్ చేస్తున్న ఆసుపత్రితో కలిసి, అనుమతి తీసుకుని, పాత హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే పరీక్ష) రిపోర్టులను విశ్లేషించండి. సాల్యుబిలిటీ టెస్ట్ ఫలితాలు ఒక్కటే నమ్ముకోవద్దు: క్యారియర్‌కూ, జబ్బు ఉన్నవాళ్లకూ రెండింటికీ పాజిటివే వస్తుంది. ఆరు నెలల లోపు పిల్లల్లో ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువ కాబట్టి నెగెటివ్ రావొచ్చు. ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్ల రిపోర్టులు విడిగా తీసేయండి. హెచ్‌పీఎల్‌సీలో సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ ఏ2 ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది, దాన్ని చూసి బీటా తలసీమియా కూడా ఉందని రాసేయొద్దు.

సూక్ష్మజీవి

పీసీఆర్ గురించి ఒకటి మిగిలింది. ప్రైమర్లు (కావలసిన జీన్‌ను పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఎథిక్స్ ఫైలు నడుస్తుండంగనే ఆర్డర్ పెట్టండి. పొడిగ వస్తయి, మూత తీసే ముందు ఒకసారి స్పిన్ చేయండి, లేకుంటే పొడి ఎగిరిపోతది. ట్యూబు మీద 24.5 నానోమోల్ అని ఉంటే 245 మైక్రోలీటర్ల టీఈ బఫర్ కలిపితే 100 మైక్రోమోలార్ స్టాక్ అయితది. దాంట్ల 10 మైక్రోలీటర్లకు 90 నీళ్లు కలిపి వర్కింగ్ స్టాక్ చేసుకుని, చిన్న ట్యూబులల్ల పంచి ఫ్రీజర్‌ల పెట్టండి. ఐసోలేట్‌ను నీళ్లల్ల కలిపి 10 నిమిషాలు మరగబెట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన నీళ్లు 2 మైక్రోలీటర్లు వేస్తే చాలు. జెల్‌లో బ్యాండ్ రాలేదని ఇంకా ఎక్కువ పోయకండి. ఆ ముడి నీళ్లల్ల పీసీఆర్‌ను అడ్డుకునేవి ఉంటయి, పది రెట్లు పలుచన చేసి చూడండి. డీఎన్ఏ బదులు నీళ్లు వేసిన ట్యూబు ప్రతి రన్‌లో ఉండాలె. దాంట్ల బ్యాండ్ వస్తే ఆ రోజు జెల్ మొత్తం పక్కన పెట్టి మాస్టర్ మిక్స్, నీళ్లు కొత్తవి తీయండి.