మెరిసే అలల ఫొటో: షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలి?

ప్రశ్న:
2019 ఆగస్టులో చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) తీరంలో, తిరువాన్మియూర్ వైపు కనిపించినటువంటి నీలి అలలను ఫొటో తీయాలని నా కోరిక. 24 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. అయితే రాత్రి సముద్రాన్ని 15 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తే ఊరి దీపాల వల్ల ఆకాశమంతా నారింజ రంగుకు తిరిగి, అలలు పొగమంచులా పరుచుకుంటున్నాయి. సమయం తగ్గిస్తే ఆ మెరుపు అసలు నమోదవుతుందా?

మొదటి సమాధానం:
తప్పక నమోదవుతుందండి. ఆ వెలుగు నాక్టిలూకా అనే ఏకకణ జీవిది. అల విరిగిపడేటప్పుడు కలిగే కుదుపుకు దాని లోపల లూసిఫెరిన్ అనే వెలుగునిచ్చే పదార్థం ఆక్సీకరణం చెంది, సెకనులో దాదాపు పదో వంతు సేపు మాత్రమే వెలుగుతుంది. కాబట్టి షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచినంత మాత్రాన ఒక్కొక్క మెరుపు కాంతి పెరగదు. పెరిగేది ఆకాశపు వెలుగు, ఒకదానిమీద ఒకటి పడే అలల సంఖ్య. లెన్సు ద్వారం పూర్తిగా తెరిచి ఎఫ్/1.8, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 3200 లేదా 6400 పెట్టి, అల శిఖరం వంగడం మొదలైన క్షణంలో రిమోట్ నొక్కి, ఒకటి రెండు సెకన్లతో తీసి చూడండి. నురుగు అంచు గీతలా నిలుస్తుంది.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే, సెట్టింగుల కంటే చోటు ముఖ్యమని నా గట్టి నమ్మకం. వీధి దీపం నురుగు మీద పడితే తెలుపులో నీలం కలిసిపోతుంది కనుక అమావాస్య దగ్గరి రోజుల్లో, చెట్లో గోడో దీపాలను కప్పే చోట నిలబడండి. ముందుగా తడి ఇసుకను కాలితో రుద్దండి. చుక్కలు చుక్కలుగా వెలిగితేనే ట్రైపాడ్ తెరవండి. దూరపు ఓడ దీపాన్ని లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) పెద్దది చేసి ఫోకస్ కుదుర్చుకుని, మాన్యువల్‌లోనే వదిలేయండి. రా ఫైలు (కెమెరా మార్పులు చేయని మూల ఫైలు) తీసి, రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్సును 3500–4000 కెల్విన్ దగ్గర ఉంచితే నారింజ ఛాయ తగ్గుతుంది. తరువాత శాచురేషన్ (రంగుల గాఢత) విపరీతంగా పెంచి చూడని రంగును చూపించడం మాత్రం నాకు సమ్మతం కాదు.

మూడవ సమాధానం:
ఫొటోలోని చుక్కల మచ్చలను తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను ఆపేయండి. లేకపోతే ప్రతి ఫొటో తరువాత కెమెరా అంతే సమయం తీసుకుంటుంది, ఈలోగా మంచి అల వెళ్ళిపోతుంది. ట్రైపాడ్‌ను నీరు తాకే గీతకు పైనే నిలపండి, ఎందుకంటే వెనక్కి పోయే నీరు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. ఈ జీవులు విపరీతంగా పెరిగిన నీటిలో అమ్మోనియా చేరి, ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోవచ్చు కాబట్టి, ఫొటో కోసం అందులోకి దిగకండి.