ఆటలో నాణేలు పెరుగుతున్నాయి, ఏడో ఎక్కం మాత్రం రావడం లేదు

రెడింగ్ అమ్మ:
మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఇయర్ ఫోర్ (ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లల తరగతి) చదువుతోంది. జూన్‌లో ఎక్కాల పరీక్ష. బడిలో ‘టైమ్స్ టేబుల్స్ రాక్ స్టార్స్’ ఆటకు లాగిన్ ఇచ్చారు. సాయంత్రమైతే చాలు, ఇల్లంతా గిటార్ మోత. నాణేలు వేలల్లో పోగేసి తన బొమ్మకు జుట్టు, బూట్లు కొంటోంది. అన్నం పెడుతూ “ఏడెనిమిదులు ఎంత?” అని అడిగితే మాత్రం పైకప్పు వంక చూస్తుంది. మా అత్తగారేమో వీడియో కాల్‌లో తెలుగు ఎక్కాలు వల్లె వేయిస్తున్నారు, ఆ ఆట కట్టిపెట్టమంటున్నారు. రెండు భాషల్లో నేర్పితే పిల్ల తికమక పడుతుందని మావారు. ఏది మాన్పించాలి?

ఇయర్ ఫోర్ టీచర్:
ఏదీ మాన్పించవద్దండీ. నేను ఇక్కడ అదే తరగతికి చెబుతాను. ముందు, అమ్మాయి ఆటలో ఏ గదిలో ఆడుతోందో చూడండి. గ్యారేజ్‌లో సరైన జవాబుకు పది నాణేలు, స్టూడియోలో ఒక్కటే. గ్యారేజ్ పిల్లల స్థాయికి తగిన లెక్కలే ఇస్తుంది కాబట్టి, వచ్చిన ఎక్కాలతోనే నాణేలు పోగవుతాయి. పిల్లలు ఈ లెక్క మాత్రం ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు! స్టూడియోలో పన్నెండు పన్నెండుల దాకా అన్నీ కలిపి అడుగుతుంది. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

ఆట వచ్చినదాన్ని వేగంగా చెప్పిస్తుంది, రానిదాన్ని నేర్పదు. రానివి ఏవో మీరే ఏరాలి. 2 నుంచి 9 వరకు గుణకారాలలో, తిరగేసినవి ఒకటిగా లెక్కిస్తే, 36 ఉంటాయి. రెండో ఎక్కం, అయిదో ఎక్కం ఎలాగూ వస్తాయి, మిగిలేవి 21. తొమ్మిదిని వేళ్ళ మీద చెప్పించవచ్చు, అదీ తీసేస్తే 15. ఆ పదిహేనే చీటీల మీద రాసి, రోజుకు రెండు మూడు చొప్పున పట్టండి. వాటిని ఆటలో జామింగ్ గదిలో ఆడించండి, అక్కడ గడియారం ఉండదు. గడియారం ముందే పెడితే పిల్లలు ఆలోచించడం మానేసి ఊహించి కొట్టేస్తారు.

పరీక్షలో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. ఉత్తీర్ణత మార్కు అంటూ లేదు, కంగారు పడకండి. 6, 7, 8, 9, 12 ఎక్కాలవి ఎక్కువగా వస్తాయి. ఆటలోని సౌండ్‌చెక్ సరిగ్గా ఆ నమూనాయే, కానీ దాన్ని మే నెల దాకా ముట్టుకోకండి.

గుంటూరు తాతయ్య:
టీచర్ గారూ, అత్తగారి సంగతి వదిలేశారు. వల్లె వేయడంలో తప్పేముంది? మేమంతా ఇరవై ఎక్కాలు అలాగే నేర్చుకున్నాం.

ఇయర్ ఫోర్ టీచర్:
తప్పేమీ లేదు తాతయ్యగారూ. లయ ఉంది కాబట్టే చిన్నప్పటివి ఇప్పటికీ గుర్తున్నాయి. చిక్కు ఒక్కటే: ఏడెనిమిదులు అడిగితే పిల్లలు ఏడొకట్లు నుంచి మొదలుపెట్టి నడుచుకుంటూ వస్తారు, ఆరు సెకన్లు అక్కడే అయిపోతాయి. అత్తగారిని వరుస తప్పించి అడగమనండి. ఏడు తొమ్మిదులు, ఆ వెంటనే ఏడు మూడ్లు. తెలుగు జవాబు ఇంగ్లిష్‌లో చెప్పడానికి కొన్నాళ్ళు తడబడుతుంది, అంతే. తెరమీద కొట్టేది అంకెలే కదా!

ఇంకో మాట. మన దగ్గర ఒక్కో ఎక్కం పదితో గుణించడం దగ్గర ఆగుతుంది, ఇక్కడ పన్నెండు దాకా అడుగుతారు. అయినా పదకొండో ఎక్కం, పన్నెండో ఎక్కం వచ్చిన పిల్లకు కొత్తగా నేర్పాల్సినవి మూడే: 121, 132, 144.

రెడింగ్ అమ్మ:
చూశానండీ, మీరన్నట్టే గ్యారేజ్‌లోనే ఉంటోంది! స్టూడియోకు వెళ్ళమంటే “అక్కడ నాణేలు రావమ్మా” అంటోంది. చీటీలు మొదలుపెట్టాం. ఇంకొక్క సందేహం: ఆరారులు ముప్ఫై ఆరు అని నోటితో వెంటనే చెబుతోంది, ట్యాబ్‌లో కొట్టేసరికి ఆలస్యం.

ఇయర్ ఫోర్ టీచర్:
పరీక్ష బడిలో ట్యాబ్ మీద పెడతారా, కంప్యూటర్ మీదా అని వాళ్ళ టీచర్‌ను అడగండి. కంప్యూటర్ అయితే ఇంట్లో కూడా కీబోర్డు మీదే ఆడించండి. స్టూడియోకు ఎలా పంపాలో నాకూ తెలియదు, మా తరగతి పిల్లలదీ అదే మాట.