ఈఎఫ్ 30 వచ్చాక నాన్న గడప దాటడం మానేసారు. మీ ఇళ్ళల్లో ఎలగ నెట్టుకొస్తున్నారు?

చీపురుపల్లి అబ్బాయి
నాన్నకి 64. జూట్ మిల్లులో చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ కిందట గుండెపోటొస్తే స్టెంట్ వేసారు. మొన్న ఎకో (గుండె స్కానింగు)లో ఈఎఫ్, అంటే గుండె ఒక్కో కొట్టుకి బయటికి నెట్టే రక్తం, 30 శాతమే అన్నారు. మందులు తప్పడం లేదు, నా బాధ వాటి గురించి కాదు. సాయంత్రమైతే టీ కొట్టు దగ్గర నలుగురితో కూచునే మనిషి ఇప్పుడు మంచం దిగడం లేదు. బస్సెక్కమంటే "ఒంట్లో నీరు దించే లాసిక్స్ మాత్ర వేసుకున్నాన్రా, దార్లో ఒంటికొస్తే ఏటి సేయను" అంటారు. కూరలో ఉప్పు లేదని సగం అన్నం వదిలేస్తారు. రాత్రి రెండింటికి లేచి కూచుని గోడకేసి చూస్తుంటారు, ఏటి నాన్నా అంటే పలకరు. మీరేం చేసారో చెప్పండి.

బొబ్బిలి కోడలు
ఉప్పు సంగతి చూసుకో తమ్ముడూ, అంతా అక్కడే ఉంది. మా అత్తయ్యకి ఆరేళ్ళుగా ఇదే జబ్బు. మామూలు ఉప్పు తీసీసి సైంధవ లవణం పెట్టీసాను. ఆవకాయ కూడా దాంతోనే కలిపాను. హాయిగా తింటున్నారు.

రాజాం మందులషాపు
అమ్మా, 32 ఏళ్ళు షాపు నడిపిన వాణ్ణి చెప్తున్నాను. సైంధవ లవణమూ సోడియం క్లోరైడే. రంగు వేరు తప్ప ఒంటికి నీరు పట్టించడంలో తేడా ఏమీ లేదు. ఏ జబ్బూ లేనివాళ్ళకే రోజుకి 5 గ్రాముల లోపు, అంటే టీస్పూను కంటే తక్కువ వాడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఏ ఉప్పుతో కలిపినా ఆవకాయ ఆవకాయే.

బొబ్బిలి కోడలు
మీరు మా ఇంటికొచ్చి చూసారా? ఆరేళ్ళు ఆవిడకి అన్నం పెట్టింది నేను. చప్పిడి కూడు పెడితే కంచం తోసీసి ఏడ్చేవారు. ఆ ఏడుపు మీ షాపులో వినపడదు.

రాజాం మందులషాపు
ఏడుపు నేనూ విన్నాను, మా ఆవిడది. నిమ్మరసం, ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి దట్టించి పెట్టాను. మూడు వారాలు గొడవ పడింది, తరవాత నాలిక అలవాటు పడింది. ఎండు నెత్తళ్ళు మాత్రం ఇంట్లోకి రానివ్వలేదు.

పలాస బావు
ఇంత గొడవెందుకు, తక్కువ సోడియం ఉప్పు అని పాకెట్టు దొరుకుతుంది. నేను నాలుగు నెలల్నించి అదే వాడుతున్నాను.

రాజాం మందులషాపు
మీ చీటీలో ఆల్డాక్టోన్ గానీ రామిప్రిల్ గానీ ఉందా? ఉంటే ఆ పాకెట్టు ఈ పూటే పక్కన పెట్టండి. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. ఈ మందులు పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతాయి. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది.

పలాస బావు
రెండూ ఉన్నాయి. అయినా షాపు నడిపినోళ్ళంతా డాక్టర్లైపోతే ఎలగ? కిడ్నీ జబ్బుల ఉద్దానం మనిషిని, కిడ్నీల కోసం రక్తంలో చూసే క్రియాటినిన్ అంటే ఏటో మాకు చిన్నప్పట్నించీ తెలుసు. రేపే రక్తం ఇస్తాను, రిపోర్టు ఇక్కడే పెడతాను.

నాగావళి ఒడ్డు
బస్సు గురించి ఒక్కరూ చెప్పలేదు. నాది ఈఎఫ్ 35. నెలకోసారి శ్రీకాకుళం నుంచి విశాఖ, 110 కిలోమీటర్లు. ఆముదాలవలసలో రైలెక్కుతాను, రైలైతే మరుగుదొడ్డి ఉంటుంది. లాసిక్స్ వేసిన గంటలోపే మొదలై ఆరు గంటలదాకా లాగుతుంది. అందుకని ప్రయాణం రోజున ఇంటికొచ్చాక వేసుకుంటానని డాక్టర్ని అడిగాను, సరే అన్నారు. మీరూ అడిగే మార్చండి.

ఇంకో మాట, మగాళ్ళు పైకి చెప్పరు. ఆల్డాక్టోన్ వల్ల నాకు రొమ్ములు పెరిగి నొప్పి పెట్టేవి. ఏడాదిపాటు ఎవరి ముందూ చొక్కా విప్పలేదు, ఏటి స్నానం మానుకున్నాను. చివరికి నోరు తెరిచి చెప్తే ఎప్లెరినోన్‌కి మార్చారు. ఆ ఏడాది నాకు తిరిగి రాదు.

మూడు లాంతర్లు
మా అమ్మకి ఈఎఫ్ 25. అయినా పోయిన దసరా తరవాత మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూపించాం! రెండు నెలల ముందు నుంచే వీధిలో నడిపించాను, మొదటిరోజు కరెంటు స్తంభం దాకా, రోజుకో నాలుగడుగులు ఎక్కువ. ఉత్సవం రోజు జనం రాకముందే పెద్దమ్మ వాళ్ళ మేడెక్కించి కుర్చీ వేసాం. ఒక్కో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. సిరిమాను కోట వైపు కదలగానే లేచి దండం పెట్టింది.

పార్వతీపురం
స్టెంటుకి ఆరోగ్యశ్రీ కార్డు పనికొచ్చింది మాకు. నెలనెలా మందులకి మాత్రం చేతి డబ్బే. జనరిక్ షాపులో కొంటే సగానికి పైగా తగ్గింది.

రాత్రి డ్యూటీ
నర్సుని, గుండె వార్డులోనే పని. అందరూ ఉప్పు మీద పడ్డారు, ఆయన రాత్రి రెండింటికి లేచి కూచుంటున్నారన్న మాట ఒక్కరికీ పట్టలేదు. తమ్ముడూ, అది దిగులు ఒక్కటే అనుకోకు. ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు? చీలమండ పైన వేలుతో నొక్కితే గుంట పడుతోందా? మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా ఆలోచించాల్సిందే. చూసి వెంటనే చెప్పు.

చీపురుపల్లి అబ్బాయి
దిండ్లు మూడు, మొన్నటిదాకా ఒకటే. నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. కిందటి వారం ఆస్పత్రిలో 61, ఇప్పుడు పక్కింటి మిషను మీద 65.

రాత్రి డ్యూటీ
తెల్లారేదాకా ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి. పడుకోబెట్టకండి, కూచోబెట్టే తీసుకెళ్ళండి. ఆయాసం ఎక్కువైతే 108కి చెయ్యండి.

చీపురుపల్లి అబ్బాయి
నాలుగు రోజులయ్యింది. లాసిక్స్ ఇంజెక్షన్లిచ్చారు, 4 కిలోల నీరు దిగింది. నిన్న ఇంటికొచ్చాం. రాత్రి ఒకే దిండు మీద పడుకున్నారు. "పడుకుంటే ఊపిరాడక లేస్తున్నాన్రా, సెప్తే మళ్ళీ ఆస్పత్రి ఖర్చు పెట్టిస్తానని సెప్పలేదు" అన్నారు. నెల్లాళ్ళు నేను దాన్ని దిగులనుకున్నాను. మేడమ్, మీకు రుణపడి ఉంటాను.

పలాస బావు
పొటాషియం 5.8, ఉండాల్సిన దానికంటే ఎక్కువే. ఉప్పు పాకెట్టు పారేసాను. డాక్టరు మాత్రలు మార్చారు.

బొబ్బిలి కోడలు
మేడమ్, మా అత్తయ్య పది రోజుల్నించి పడక్కుర్చీలోనే నిద్రపోతున్నారు. ఉక్కపోత వల్ల అనుకున్నాను. ఇప్పుడే కాలు నొక్కి చూసాను. రాత్రిపూట బొబ్బిలిలో ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?