బట్టీ కూలీలను విడిపించే పని చర్చి సంస్థలకు వదిలేయొచ్చా?

గోదారిగట్టు:
ఇంటర్నేషనల్ జస్టిస్ మిషన్ అని 1997లో అమెరికాలో మొదలైన క్రైస్తవ సంస్థ ఉంది. తమిళనాడు ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో వెట్టిలో చిక్కుకున్నవాళ్లను అధికారులతో కలిసి విడిపిస్తుంటారు. మంచి పనే, కాదనను. కానీ విదేశీ డబ్బు, రోజూ ప్రార్థన జరిగే ఆఫీసు. సాయం వెనకాలే బైబిల్ రాదని గ్యారంటీ ఏంటి? సర్కారు చేయాల్సిన పని వీళ్లకెందుకు?

ఎర్రమట్టి:
గట్టు గారూ, మతం మార్చారనడానికి ఆధారం ఉంటే పెట్టండి, మాట్లాడుకుందాం. ఇదే పని మీద సుప్రీంకోర్టుకెక్కి 1983 డిసెంబరులో తీర్పు తెచ్చిన బంధువా ముక్తి మోర్చాను నడిపింది కాషాయం కట్టిన స్వామి అగ్నివేశ్. పుట్టింది మన శ్రీకాకుళంలోనే.

ఇక సర్కారంటారా, వెట్టి రద్దు చట్టం 1976 నాటిది. పెద్దపల్లి వైపు బట్టీలకు ఒడిశా బలంగీర్ నుంచి వచ్చే కుటుంబాలను ఎప్పుడైనా చూశారా? అడ్వాన్స్ తీసుకుని మొగుడూ పెళ్లాం దిగుతారు, వెంట పిల్లలు. పచ్చి ఇటుకలు తిరగేసే పని పిల్లల మీద పడుతుంది. బరువు తక్కువ కదా, పైన నడిచినా ఇటుక నలగదు. లెక్క రాసేది కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రీ. సీజన్ అయిపోతుంది, బాకీ మాత్రం మిగులుతుంది.

చీరాలవాసి:
మత మార్పిడి సంగతి ఎలా ఉన్నా, ఒక పాత కథ మర్చిపోకండి. మా పక్కనే స్టూవర్టుపురం. బ్రిటిష్‌వాళ్లు ఎరుకలకు నేరస్థ తెగ అని ముద్రేసి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు. అదీ ఉద్ధరణ పేరుతోనే.

ఎర్రమట్టి:
నిజమే అన్నా, ఆ మరక చెరిగేది కాదు. కానీ అక్కడ కట్టడి చేసే అధికారం సర్కారే రాసిచ్చింది. ఇప్పుడు ఏ సంస్థా సొంతంగా ఎవర్నీ విడిపించడానికి వీల్లేదు. విడుదల పత్రం మీద సంతకం ఆర్డీఓదో కలెక్టర్‌దో ఉండాల్సిందే.

నాకు అసలు టెన్షన్ ఆ తర్వాతే. విడుదలైనవాళ్ల పునరావాసానికి కేంద్రం పెట్టిన 2016 పథకం ప్రకారం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. వెంటనే చేతికొచ్చేది, 2022లో పెంచాక కూడా, 30 వేల లోపే. పెద్ద మొత్తం యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. కేసు ఏళ్లు సాగుతుంది, మేస్త్రీ మాత్రం మళ్లీ పంట కోతలయ్యేసరికి కొత్త అడ్వాన్స్‌తో గుమ్మంలో ఉంటాడు. అన్నేళ్లూ సాక్షులను కోర్టుకు తీసుకెళ్లి తీసుకొచ్చే ఓపిక ఎవరికుంటే వాళ్లు చేయనీ. శిలువ వేసుకున్నారా, తిలకం పెట్టుకున్నారా అని నేనడగను.

గోదారిగట్టు:
దానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది కదండీ, ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ఎర్రమట్టి:
ఇస్తారు. ఆ బలంగీర్ ఆడమనిషి ఒడియాలో చెప్పేది తెలుగులో రాసుకునేదెవరో, వాయిదాకు రానూపోనూ ఛార్జీలు పెట్టేదెవరో కూడా చెప్పండి.