టర్న్ అన్‌డెడ్: పారిపోయిన స్కెలిటన్లు మళ్లీ ఎందుకు మీద పడుతున్నాయి?

ప్రశ్న

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో ఆడే రోల్‌ప్లే ఆట) 5వ ఎడిషన్, 2014 రూల్స్. నాది 3వ లెవెల్ క్లెరిక్ (దైవశక్తి వాడే పాత్ర), విజ్డమ్ 16, అంటే బోనస్ +3. ఎదురుగా అన్‌డెడ్ (చచ్చి లేచిన జీవులు): నాలుగు స్కెలిటన్లు, మూడు గూల్‌లు, ఒక గాస్ట్. వాటిని తరిమే టర్న్ అన్‌డెడ్ శక్తి వాడితే స్కెలిటన్లు పారిపోయినట్టే పోయి మరుసటి రౌండ్‌లో తిరిగొస్తున్నాయి. గూల్‌లైతే దాదాపు కదలడం లేదు. నిమిషం పాటు పనిచెయ్యాలి కదా? రెస్ట్ తీసుకునేదాకా ఒక్కసారే దొరికేది, ఎప్పుడు వాడితే మంచిది?

జవాబు 1

నిమిషం, లేదా దెబ్బ తగిలేవరకు. రెండో ముక్కని చాలామంది మరిచిపోతారు. ఒక్క పాయింట్ డామేజీ పడ్డా చాలు, దెబ్బ తిన్నదానికి టర్న్ వదిలిపోతుంది. మిగతావి పరుగు ఆపవు. స్కెలిటన్ పారిపోతూ ఫైటర్ పక్కనుంచి వెళ్తే అతను ఆపర్చునిటీ అటాక్ (దూరం పోతున్నవాళ్ల మీద వెంటనే వేసే దెబ్బ) కొడతాడు చూడండి, పని చెడేది ఎక్కువగా అక్కడే. స్కెలిటన్‌కి 13 హిట్ పాయింట్లు (ప్రాణబలం). లాంగ్‌స్వోర్డ్ వేటుకి సగటున ఏడెనిమిది. చావదు, తిరగబడుతుంది.

అందుకే ముందే మాట్లాడుకోండి. పారిపోయేవాటిని వదిలేసి, సేవ్ (శక్తిని తట్టుకోవడానికి వేసే పాచిక) నెగ్గి నిలబడ్డవాటి మీద అందరూ పడాలి. వాటి పని అయ్యాక మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని, దాని వంతు రాకముందే చచ్చేలా వరసగా కొట్టాలి. విల్లున్న స్కెలిటన్ దూరం పోయి బాణాలు వేస్తుందన్న భయం వద్దు: డ్యాష్ (ఇంకా దూరం పరుగెత్తడం) చెయ్యడం, కదలనివ్వని పట్టు విడిపించుకోవడం తప్ప దానికి వేరే యాక్షన్ లేదు. రియాక్షన్ (ఎదుటివాళ్ల వంతులో చేసే పని) అసలే లేదు. కానీ పోయే దారి లేకపోతే డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం) చేస్తుంది, అప్పుడు కొట్టడం మీకే కష్టం. తలుపుకి అడ్డంగా నిలబడి టర్న్ చెయ్యకండి.

జవాబు 2

గూల్‌లు కదలకపోవడానికి కారణం గాస్ట్. దానికీ, దానికి 30 అడుగుల లోపున్న గూల్‌లకీ ఈ సేవ్ మీద అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఉంటుంది. మీ డీసీ (సేవ్ నెగ్గడానికి కనీసం రావాల్సిన అంకె) 8+2+3, అంటే 13; 2 మీ లెవెల్‌కి వచ్చే ప్రొఫిషియన్సీ బోనస్, 3 విజ్డమ్ బోనస్. గూల్‌కి విజ్డమ్ బోనస్ సున్నా కాబట్టి మామూలుగా 60 శాతం ఫెయిలవుతుంది. గాస్ట్ దగ్గరుంటే 36 శాతమే. ముందు గాస్ట్‌ని (36 హిట్ పాయింట్లు) పడగొట్టి తర్వాత వాడండి.

5వ లెవెల్‌కి వచ్చాక సేవ్ తప్పిన స్కెలిటన్లు, జాంబీలు అక్కడికక్కడే నాశనమైపోతాయి. గూల్‌లకి 8వ లెవెల్ దాకా ఆగాలి. ఆ 5వ లెవెల్‌లోనే స్పిరిట్ గార్డియన్స్ అనే మంత్రం కూడా వస్తుంది. దాన్ని టర్న్ అన్‌డెడ్‌తో కలపకండి. మీకు 15 అడుగుల లోపల తన వంతు మొదలుపెట్టే గూల్ సేవ్ నెగ్గినా సగం డామేజీ తింటుంది, దాంతో టర్న్ వదిలిపోతుంది.

జవాబు 3

దెబ్బ విషయంలో తికమక 3.5 ఎడిషన్ ఆడినవాళ్లకే ఎక్కువ. అందులో మీ తోటివాళ్లు ఎలా కొట్టినా టర్న్ చెడదు, క్లెరిక్ స్వయంగా 10 అడుగుల లోపలికి వెళ్తేనే చెడుతుంది. ఆ అలవాటు 5వ ఎడిషన్‌లోకి తెస్తే ఇదిగో ఇలాగే అవుతుంది.

2024 రూల్స్‌కి మారే వీలుంటే మారండి. 2వ లెవెల్‌లోనే ఛానెల్ డివినిటీ (టర్న్ అన్‌డెడ్ దీంతోనే వాడతారు) రెండుసార్లు, షార్ట్ రెస్ట్‌కి ఒకటి తిరిగొస్తుంది. 5వ లెవెల్‌లో సేవ్ తప్పినవాటికి రేడియంట్ డామేజీ కూడా పడుతుంది, మీ విజ్డమ్ మాడిఫయర్ ఎంతో అన్ని డీ8లు (ఎనిమిది ముఖాల పాచికలు). ఆ డామేజీకి మాత్రం టర్న్ వదలదు. ఫైటర్ కత్తికి ఇప్పటికీ వదులుతుంది.