ఎంబీబీఎస్ సీటు కేటాయింపు కోసం నిరీక్షణ

ప్రశ్న: మా అమ్మాయి కన్వీనర్ కోటాకు (నీట్ ర్యాంకును బట్టి రాష్ట్రం నింపే సీట్లకు) వెబ్ ఆప్షన్లు ఇచ్చి, గాంధీ, ఉస్మానియా కళాశాలలను ముందు పెట్టి, మొదటి విడత జాబితా కోసం ఎదురుచూస్తోంది, రాత్రి రెండింటికి కూడా దిండు పక్కన ఫోను వెలుగుతూనే ఉంటోంది. ఈలోగా మేము చేయవలసినదేమైనా ఉందా?

జవాబు: స్టడీ సర్టిఫికెట్లు, బదిలీ పత్రం, కుల ధ్రువపత్రం అసలు ప్రతులను ఒకే ఫైలులో సిద్ధంగా ఉంచండి. జాబితా వెలువడ్డాక చేరడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది.

మరో జవాబు: ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు వెళ్తాయి, ఆ కౌన్సెలింగ్ వేరు, రాష్ట్ర కోటాను వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. అందువల్ల రెండు కౌన్సెలింగ్‌ల వెబ్‌సైట్లనూ గమనించండి.

ఇంకొక జవాబు: మా అబ్బాయికి మొదటి విడతలో సీటు రాలేదండి, రెండో విడతలో వచ్చింది. ఫోను మాత్రం రాత్రిళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.